గుడ్లు తీసేసినా గూడు వదలని పెట్ట: సీమ ఎండల్లో పొదుగు మాన్పించడం ఎందుకు కష్టం

క్లుప్తంగా

పొదుగు అంటే పెట్ట గుడ్లు పెట్టడం మానేసి, పిల్లల కోసం గూట్లోనే కూర్చుండిపోవడం. పొట్టకు తగిలే వెచ్చదనం, చీకటి గూడు, కింద ఉన్న గుడ్లు కలిసి పెట్ట ఒంట్లో ఒక హార్మోనును పెంచుతాయి. ఆ హార్మోను పెట్టను మళ్లీ గూట్లోకే పంపుతుంది. ఈ చుట్టు తెగాలంటే పొట్ట చల్లబడాలి, గూడు కనబడకూడదు. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో నడి ఎండాకాలం మధ్యాహ్నం గాలే పెట్ట ఒంటంత వేడిగా ఉంటుంది. అందుకే కింద గాలి ఆడే తీగ గూట్లో పెట్టే మామూలు పద్ధతి ఇక్కడ నీడ, తడి గోనె తోడు లేకుండా సరిగా పనిచేయదు. ఏ పద్ధతి వాడారన్నదానికంటే, కూర్చున్న ఎన్నో రోజున పట్టుకున్నారన్నదే ఎక్కువ తేడా చూపిస్తుంది.

ఏది పొదుగు, ఏది జబ్బు

నిన్నటిదాకా వామి పక్కన కెలుకుతూ తిరిగిన పెట్ట ఒక సాయంత్రం గూట్లోంచి బయటికి రాదు. చెయ్యి పెడితే ఈకలన్నీ విచ్చుకుని, గొంతులో గుర్రుమంటూ పొడుస్తుంది. గుడ్లు తీసేస్తే వట్టి వేరుశనగ పొట్టు మీదే కూర్చుంటుంది. పుంజే లేని మందలో, అంటే పిల్లలయ్యే అవకాశమే లేనిచోట కూడా ఇదే తీరు. మూడు వారాలు దాటి, ఐదారు వారాలు అలాగే కూర్చున్న పెట్టలూ ఉంటాయి. కొత్తగా కోళ్లు పెంచుతున్నవాళ్లు దీన్ని జబ్బనుకుని మందుల కోసం పశువుల ఆసుపత్రికి పరుగెత్తడం, నిజంగా జబ్బు చేసిన పెట్టను పొదుగేలే అని వదిలేయడం రెండూ జరుగుతున్నాయి.

తేడా పట్టడం కష్టమేమీ కాదు. పొదుగు మీదున్న పెట్ట చురుగ్గా ఉంటుంది, కోపంగా ఉంటుంది. రోజుకు ఒకసారి, మహా అయితే రెండుసార్లు గూడు దిగుతుంది. పది, ఇరవై నిమిషాల్లో గబగబా తిని, నీళ్లు తాగి, పెద్ద ముద్దగా ఘాటైన వాసనతో రెట్ట వేసి తిరిగి ఎక్కుతుంది. నడుస్తున్నంతసేపూ ఈకలు ఉబ్బించుకుని, ఆగి ఆగి ఒకే తీరుగా కొర్రుకొర్రుమంటుంది. పొట్ట కింద ఈకలు రాలి చర్మం బయటపడుతుంది. గుడ్డు అడ్డుపడిన పెట్ట అలా కాదు. తోక దించి, నిటారుగా నిలబడి ముక్కుతుంది. చెయ్యి పెడితే పొడిచే ఓపిక దానికి ఉండదు. కొక్కెర అనే అంటు తెగులు తగిలిన కోడి రెక్కలు వాల్చి తూగుతుంది, రెట్ట పచ్చగా పలచగా పడుతుంది.

అన్నిటికంటే నమ్మదగిన గుర్తు రాత్రి దొరుకుతుంది. చీకటి పడ్డాక మిగతా కోళ్లు దండెం మీదికో కొట్టం దూలం మీదికో చేరితే, పొదుగుకు సిద్ధమైన పెట్ట గూట్లోనే ఉండిపోతుంది. వరసగా రెండు రాత్రులు అలా ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు.

గూట్లో కూర్చోబెట్టేది ఏమిటి

గుడ్లు పెట్టే కాలంలో పెట్ట మెదడు కింది భాగంలోని పిట్యూటరీ గ్రంథి అండాలను ఎదిగించే హార్మోన్లను వదులుతుంది. గూట్లో గుడ్లు పోగయ్యేకొద్దీ వాటి మీద గడిపే సమయం పెరుగుతుంది. పొట్ట చర్మానికి గుడ్లు తగులుతాయి. ఆ స్పర్శ మెదడుకు చేరి, అదే పిట్యూటరీ గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ ఎక్కువగా ఊరేలా చేస్తుంది. ప్రొలాక్టిన్ పెరిగేకొద్దీ అండాలను ఎదిగించే హార్మోన్లు తగ్గుతాయి, అండాశయం ముడుచుకుపోతుంది, గుడ్లు ఆగిపోతాయి. మేత మీద ఆశ తగ్గుతుంది, జుట్టు పాలిపోయి చిన్నదవుతుంది. పొట్ట కింద ఈకలు రాలిన చోట రక్తనాళాలు ఉబ్బి చర్మం వెచ్చబడుతుంది. ఆ వెచ్చటి చర్మానికి గూడు తగిలినకొద్దీ ప్రొలాక్టిన్ ఇంకా ఊరుతుంది. చుట్టు మొదలైన చోటికే వస్తుంది.

దీన్నిబట్టి తెలిసేది ఏమిటంటే, పిల్లలు రావడానికి 21 రోజులు పట్టినా, పెట్ట ఒంట్లో 21 రోజుల గడియారం లేదు. పొదుగు ముగిసేది తేదీని బట్టి కాదు, పిల్లల్ని బట్టి. పెంకులోంచి పిల్లల అరుపు, ఆ తర్వాత రెక్కల కింద వాటి కదలిక అందితేనే ప్రొలాక్టిన్ పడిపోయి, గూడు మీది ధ్యాస పిల్లల మీదికి మళ్లుతుంది. ఆ అరుపు రాకపోతే ముగింపు చెప్పేవాళ్లు లేనట్టే. మొండి పొదుగుకు మూలం ఇక్కడుంది.

సీమలో ఇది ఎండాకాలంలో ఎక్కువగా కనబడటానికి కారణమూ ఇదే. గది వేడి 27 డిగ్రీలు దాటితే, పొదగకముందే గుడ్డులో పిండం అరకొరగా ఎదగడం మొదలుపెడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊళ్లలో పది, పదిహేను రోజులు బుట్టలో పోగుచేసిన గుడ్లలో చాలావాటి పిండం పెట్ట కిందికి చేరేలోపే చచ్చిపోయి ఉంటుంది. వాటిని ఎన్నాళ్లు పొదిగినా పిల్ల రాదు. పిల్ల రాదు కాబట్టి పెట్ట లేవదు. కొన్ని ఇళ్లలో ఉరుముల దోషం అంటూ గూట్లో ఇనుప ముక్కో బొగ్గో పెడతారు. గుడ్లు చెడటానికి అసలు కారణం చాలాసార్లు ఉరుము కంటే ముందే, వేసవి ఎండ నాటికే జరిగిపోయి ఉంటుంది.

అన్ని కోళ్లూ ఒకటి కాదు

పెద్ద ఫారాల్లో కనిపించే వైట్ లెగ్‌హార్న్ కోడికి పొదుగు దాదాపు ఉండదు. తరతరాలుగా ఎక్కువ గుడ్లు పెట్టేవాటినే ఎంచుకుంటూ పోవడంతో ఆ గుణం పోయింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లదీ ఇంచుమించు అదే తీరు. కడక్‌నాథ్ కూడా పొదుగుకు పేరున్న కోడి కాదు. రెండో కొసన అసీల్, అంటే పందెపు జాతి పెట్టలు ఉన్నాయి. పెట్టే గుడ్లు తక్కువ, కూర్చుంటే లేపడం కష్టం. ఊళ్లో తిరిగే నాటుకోళ్లు ఈ కొస వైపే ఉంటాయి.

చాలామందిని తికమకపెట్టేది నడిమి రకం. వనరాజా పెట్టల్ని తెచ్చి ఊరి పుంజుతో వదిలితే, తర్వాతి తరం పెట్టల్లో పొదుగు తిరిగొస్తుంది. “వనరాజా పొదగదన్నారు, మాది పొదుగుతోంది” అనే ఫిర్యాదు వెనక సాధారణంగా పుంజు కథ ఉంటుంది.

పొదుగు ఖరీదు

నాటు పెట్ట ఒక విడతలో 12 నుంచి 18 గుడ్లు, సుమారు 20 రోజుల్లో పెడుతుంది. తర్వాత 21 రోజులు పొదుగు, ఆపైన రెండు నెలలకు పైగా పిల్లల వెంట తిరగడం. అంతా కలిపితే విడతకు 100 రోజులకు పైమాటే. ఏడాదికి మూడు, మూడున్నర విడతలు, 50 గుడ్ల చుట్టుపక్కల.

పొదుగుకు కూర్చున్న రెండు మూడు రోజుల్లో మాన్పిస్తే లెక్క మారుతుంది. మాన్పించడానికి 4 రోజులు, అండాశయం తిరిగి కోలుకోవడానికి 10 నుంచి 14 రోజులు. అంటే విడతకు 40 రోజులు. ఈకలు రాల్చే కాలం, నడి ఎండాకాలం తీసేసినా 80 నుంచి 100 గుడ్లు రావాలి. ఇది కాగితం మీది లెక్కే, అన్ని పెట్టలూ దీనికి తలూపవు. పైగా గుడ్డు పెంకు గాల్లోంచి రాదు. ఒక్కో పెంకుకు దాదాపు ఒకటిన్నర నుంచి 2 గ్రాముల కాల్షియం పోతుంది. జొన్నలు, కొర్రలు, వంటింటి మిగులు మీదే బతికే పెట్టను పొదుగు మాన్పించి గుడ్లకు తిప్పితే, పలచటి పెంకులు, తోలు గుడ్లు మొదలవుతాయి. సున్నపురాయి నలుసులో, కాల్చి నలిపిన గుడ్డు పెంకులో విడిగా ఒక మూకుట్లో పెట్టాలి. గోడలకు వేసే సున్నం మాత్రం పెట్టకూడదు, నోరు, గొంతు కాలతాయి.

కూర్చున్న పెట్టకూ ఖర్చు ఉంది. మూడు వారాల్లో ఒంటి బరువులో పదో వంతు నుంచి ఐదో వంతు వరకు తగ్గుతుంది. పిల్లలు రాక ఆరు వారాలు కూర్చుంటే రొమ్ము ఎముక కత్తి అంచులా చేతికి తగులుతుంది. ఈ పొడి నేలల్లో గోమార్ల బెడద దీనికి తోడు. పగలు గోడ పగుళ్లలో, బుట్ట అల్లికలో దాక్కుని, రాత్రి రక్తం తాగుతాయి. దండెం మీద నిద్రపోయే కోడి కంటే రాత్రంతా ఒకే బుట్టలో కదలకుండా ఉండే పెట్ట వాటికి సులభంగా దొరుకుతుంది. పొదుగులో జుట్టు పాలిపోవడం మామూలే కాబట్టి, రక్తం తగ్గి పాలిపోయినా ఎవరూ గమనించరు. రాత్రి పదింటికి టార్చి వేసి బుట్ట అడుగు, గోడ పగుళ్లు ఒకసారి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

మాన్పించడం: తీగ గూడు ఎలా ఉండాలి

కావలసింది మూడే: పొట్ట కింద గాలి, చుట్టూ వెలుతురు, గూడు ఆనవాలు లేకపోవడం. అడుగు తీగ జాలీ అయితే కన్ను అర అంగుళం నుంచి అంగుళం లోపు ఉండాలి, అంతకు మించితే కాలు ఇరుక్కుంటుంది. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, పెట్ట నిలబడేంత ఎత్తు చాలు. నాలుగు మూలలా ఇటుకలు పేర్చి నేల నుంచి కనీసం అడుగున్నర పైకి లేపాలి. లోపల గడ్డి, పొట్టు, గోనె ఏదీ వేయకూడదు. జాలి పడి ఒక గోనె ముక్క పరిస్తే, అక్కడే కొత్త గూడు తయారవుతుంది.

కొనక్కర్లేదు కూడా. టమోటాలు, చీనీకాయలు మోసే ప్లాస్టిక్ క్రేట్లు అనంతపురం, కడప వైపు ఎక్కడైనా దొరుకుతాయి. అడుగున కంతలున్నవి రెండు తీసుకుని, నోటికి నోరు కలిపి తాడుతో కడితే గూడు సిద్ధం. మేత, నీళ్ల గిన్నెలు లోపలే, పక్కకు తీగతో కట్టాలి. పెట్ట తొక్కి నీళ్లు ఒలకబోస్తే ఆ ఎండకు సాయంత్రానికే వడలిపోతుంది.

ఎక్కువ ఇళ్లలో చేసేది కోడిని గంప కింద మూయడం. అది విఫలమవడానికి కారణం స్పష్టమే. గంప లోపల చీకటి, కింద వెచ్చటి మట్టి. పేరుకు శిక్ష, నిజానికి గూడు. అదే గంపను ఇటుకల మీద పరిచిన జాలీ మీద బోర్లించి, పైన రాయి పెడితే, అల్లిక సందుల్లోంచి వెలుతురు, కింద నుంచి గాలి వస్తాయి. అప్పుడు పనిచేస్తుంది.

కూర్చున్న రెండో మూడో రోజు పెడితే 3 రోజులు సరిపోతాయి. వారం దాటాక పెడితే 5, 6 రోజులు పట్టవచ్చు. రాత్రి కూడా తీగ గూట్లోనే ఉంచాలి. పగలు తీగ గూట్లో పెట్టి రాత్రి వదిలేస్తే పాత బుట్టలోకి చేరి, పగలంతా తగ్గిన వేడిని తెల్లారేసరికి తిరిగి తెచ్చుకుంటుంది. కుక్క, పిల్లి, ముంగిస చేరని చోటు చూసుకోవాలి. ఈలోపు పాత బుట్టను తీసేయాలి, పొట్టు తగలబెట్టాలి, బుట్టను ఎండలో వేయాలి.

మూడో రోజు సాయంత్రం వదిలి చూడటమే పరీక్ష. మందతో కలిసి కెలకడం మొదలుపెట్టి, చీకటి పడ్డాక దండెం ఎక్కితే పని అయినట్టే. నేరుగా పాత గూడు ఉన్న మూలకు నడిస్తే ఇంకో రెండు రోజులు. ఈ పరీక్ష చేయకుండా, అరుస్తోందని మొదటి రోజే వదిలేయడం వల్లే “మా పెట్ట దేనికీ లొంగదు” అనే మాట ఎక్కువగా వినబడుతుంది.

ఎండాకాలం చిక్కు

కోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీలు. తీగ అడుగు పొట్టను చల్లబరచాలంటే కింద ఆడే గాలి అంతకంటే తగినంత చల్లగా ఉండాలి. డిసెంబరు, జనవరుల్లో తెల్లవారుజామున ఆ తేడా ఇరవై డిగ్రీలకు పైనే ఉంటుంది, అందుకే చలికాలంలో రెండు రాత్రులకే పెట్టలు దారికొస్తాయి. మే నెలలో మధ్యాహ్నం 42 డిగ్రీల గాలి పొట్టకు గుడ్డు తగిలినంత వెచ్చగా ఉంటుంది. రేకుల షెడ్డులో అయితే అంతకంటే ఎక్కువ. ఆ వేడికి పెట్ట నోరు తెరిచి రొప్పుతుంది తప్ప పొదుగు మానదు, ఒక్కోసారి చచ్చిపోతుంది.

కాబట్టి ఎండాకాలంలో మాన్పించే పని రాత్రికి, వేకువకు మార్చుకోవాలి. తీగ గూడును వేపచెట్టు నీడలో పెట్టి, జాలీకి రెండడుగుల దిగువన నేల మీద తడి గోనె పరిచి, పది నుంచి నాలుగు దాకా రెండు గంటలకోసారి నీళ్లు చల్లితే, పైకి వచ్చే గాలి కొంత చల్లబడుతుంది. గోనె జాలీకి తగలకూడదు. రాత్రి గూడును ఆరుబయట, గాలి తగిలే మిద్దె మీద ఉంచితే ఇంకా మంచిది. అయితే పగలంతా ఎండలో కాగిన మిద్దెకు ఆనుకోకుండా ఇటుకల మీదే ఉంచాలి.

ఈ జిల్లాల్లో ప్రతి ఇంటా ఉండే కడప బండ, నాపరాయి ఇక్కడ ఒక మంచి వసతి. రోజంతా నీడలో ఉన్న వట్టి బండ పొట్టలోని వేడిని చెక్క కంటే, మట్టి కంటే త్వరగా లాగేస్తుంది. తీగ దొరకని చోట నీడపట్టున బండ మీద పొట్టు లేకుండా పెట్టను ఉంచి, వెలుతురు వచ్చే అల్లికతో మూసినా ఫలితం ఉంటుంది. అదే నల్లబండ ఎండలో ఉంటే పెనమే. ఉదయం నీడ పడిన చోటు మధ్యాహ్నానికి ఎండలోకి వస్తుందా అని ముందే చూసుకోవాలి.

పాత పద్ధతుల్లో పనికొచ్చేవి, రానివి

పెట్టను నీళ్లలో ముంచడం వెనక ఉన్న తర్కం సరైనదే, పొట్ట చల్లబడుతుంది. ఎండాకాలంలో పొట్ట వరకు మాత్రం బకెట్లో రెండు మూడు నిమిషాలు ముంచి నీడలో వదలడం వల్ల హాని లేదు. కానీ తడి ఆరగానే గూడు ఎక్కేస్తుంది, కాబట్టి అదొక్కటే చాలదు. చలికాలంలో అసలు వద్దు. పక్కింట్లోనో బంధువుల ఊళ్లోనో నాలుగు రోజులు ఉంచడం కూడా పనిచేస్తుంది. పాత గూడు కనబడదు, కొత్త మందలో తోపులాట ఉంటుంది. అయితే అక్కడి నుంచి కొక్కెర తెగులు, పేలు వెంట తెచ్చుకునే ప్రమాదం ఉంది.

ముక్కు రంధ్రంలో ఈక దూర్చడం, తలకిందులుగా వేలాడదీయడం, మేతా నీళ్లూ మాన్పించడం పెట్టను బాధపెడతాయే గాని పొదుగు చుట్టును తెంచవు. ముక్కు పుండై చీము పడుతుంది. నీళ్లు మాన్పిస్తే ఈ ఎండలకు ఒక్క రోజులో పెట్ట పోతుంది.

పిల్లలిచ్చి లేపడం

మొండి పెట్టను లేపడానికి సహజమైన దారి దానికి కావలసిన అరుపును వినిపించడమే. కనీసం రెండు వారాలుగా కూర్చున్న పెట్ట కింద, రాత్రి బాగా చీకటి పడ్డాక, ఒకటి నుంచి మూడు రోజుల వయసు పిల్లల్ని ఒక్కొక్కటిగా పొట్ట కిందికి తోసి, ఉన్న గుడ్లు తీసేయాలి. లైటు వేయకూడదు. 8 నుంచి 10 పిల్లలు ఒక పెట్టకు చాలు. తెల్లవారకముందే వెళ్లి చూడాలి. పిల్లల్ని పిలుస్తూ ఉంటే ఇబ్బంది లేదు, పొడుస్తుంటే వెంటనే తీసేయాలి. పగలు పిల్లల్ని ముందు పెడితే చాలా పెట్టలు ఒప్పుకోవు, వారం దాటిన పిల్లలు ఆ పెట్టనే తల్లిగా ఒప్పుకోవు. బల్బు కింద మొదటి వారం 35 డిగ్రీల వేడి ఇవ్వడానికి కరెంటు మీద ఆధారపడేచోట, పొదుగు మీదున్న పెట్ట కరెంటు పోని బ్రూడరులాంటిది. వనరాజా పిల్లల్ని తెచ్చుకునే రోజును నాటు పెట్ట పొదుగు రోజులతో కలిపితే రెండు సమస్యలూ ఒకదాన్నొకటి తీరుస్తాయి.

పొదగేసేదే ఉద్దేశమైతే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వారంలోపు పెట్టిన గుడ్లు 10, 12 మించకుండా వేయాలి. ఏడో రోజు రాత్రి ఫోను లైటు మీద పెట్టి చూస్తే, ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపించినవి బతికినవి, తేటగా ఉన్నవి వట్టివి. వట్టివి తీసేయాలి. వేసిన గుడ్లన్నిటికీ పెన్సిలుతో గీత పెడితే, మిగతా పెట్టలు మధ్యలో వచ్చి పెట్టిపోయిన గుడ్లు ఏవో తెలుస్తాయి. ఆ కొత్త గుడ్లు ఉండిపోతే మొదటి పిల్లలు వచ్చినప్పుడు పెట్ట లేచిపోయి అవి చెడతాయి, లేదా వాటికోసం కూర్చుండిపోయి పిల్లలు వీధిన పడతాయి.

మళ్లీ మళ్లీ కూర్చునే పెట్ట

గుడ్లు ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తీయడం, గుడ్లు పెట్టే బుట్టను సాయంత్రం మూసేయడం, పొదుగుకు కూర్చున్న పెట్టను మిగతావాటి బుట్ట దగ్గరికి రానివ్వకపోవడం వల్ల కూర్చునే పెట్టల సంఖ్య తగ్గుతుంది. ఒకటి బుట్ట ఆక్రమిస్తే మిగతావి వామి కింద, కంచె మూలల్లో పెట్టి, కనబడని ఆ గుడ్ల మీద తామూ కూర్చుంటాయి.

ఇంత చేసినా ప్రతి విడత చివరా కూర్చునే పెట్ట ఒకటి రెండు ఉంటాయి. అది గుణం, మారదు. మందలో అలాంటిది ఒకటి ఉంటే నష్టం లేదు, చలికాలంలో మిగతా పెట్టల గుడ్లు కూడా దాని కిందే వేయవచ్చు. మూడు నాలుగు ఉంటే, వాటి గుడ్ల నుంచి వచ్చిన పెట్టల్ని గుడ్ల కోసం ఉంచుకోకుండా మాంసానికో సంతకో పంపడం నయం. ఏ పెట్ట ఎన్నిసార్లు కూర్చుందో గుర్తుండాలంటే కాలికి ఒక రంగు దారం కట్టి, గోడ క్యాలెండరులో తేదీ వేసుకుంటే సరిపోతుంది.